సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో సైన్, కాస్, టాన్ లెక్కలు సరిగ్గా కొట్టడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం ప్రాంతాల్లో డిప్లొమా, ఐటీఐ, బీటెక్ చదివే తెలుగు విద్యార్థుల కోసం, సర్వే పనిలో ఉన్నవాళ్ళ కోసం ఈ పేజీ రాశాం. ఉదాహరణలన్నీ కాసియో మోడళ్ళతో ఇచ్చాం. పేజీలో ఎంఎస్ అంటే ఎఫ్‌ఎక్స్-82ఎంఎస్, ఎఫ్‌ఎక్స్-991ఎంఎస్ లాంటి రెండు వరసల తెర ఉన్నవి. ఈఎస్ అంటే ఎఫ్‌ఎక్స్-991ఈఎస్ ప్లస్ లాంటివి, అంటే భిన్నాన్ని పుస్తకంలో ఉన్నట్టే పైనా కిందా చూపించేవి. 991ఈఎక్స్, 991సీడబ్ల్యూ వీటి తర్వాత వచ్చినవి. మీ చేతిలో ఏది ఉందో ముందు చూసుకోండి. కింద చెప్పే తేడాల్లో సగం మోడల్‌ని బట్టే ఉంటాయి.

సైన్ 30 కొడితే 0.5 రావడం లేదు. మిషన్ పాడైందా?

పాడవలేదు. కోణం కొలత మారిపోయింది, అంతే. సైన్ 30 కొట్టి ఈక్వల్ నొక్కండి. 0.5 వస్తే (ఈఎస్‌లో 1/2 అని కనబడొచ్చు) డిగ్రీల్లో ఉన్నట్టు. −0.988 వస్తే రేడియన్లు. 0.454 వస్తే గ్రేడ్లు. గ్రేడ్ లెక్కలో లంబకోణం 90 కాదు, 100. కాబట్టి 30 గ్రేడ్లంటే 27 డిగ్రీలే. మన సిలబస్‌లో గ్రేడ్లతో ఎక్కడా పని పడదు. పొరపాటున అందులోకి వెళ్ళడమే తప్ప కావాలని వెళ్ళేవాళ్ళు లేరు.

తెర అంచున డి, ఆర్, జి అక్షరాల్లో ఒకటి ఇంగ్లీషులో చిన్నగా కనబడుతుంది. లెక్క మొదలెట్టే ముందు దాని మీద ఒక చూపు వేయండి. సైన్ 0తోనో కాస్ 0తోనో మాత్రం పరీక్షించకండి. ఏ కొలతలో ఉన్నా మొదటిది 0, రెండోది 1 వస్తాయి, మీకేమీ తెలియదు.

డిగ్రీల్లోకి మార్చడం ఎలా?

82ఎంఎస్‌లో మోడ్ రెండుసార్లు నొక్కితే డిగ్రీ, రేడియన్, గ్రేడ్ వరస వస్తుంది. 1 నొక్కితే డిగ్రీ, 2 రేడియన్. 991ఎంఎస్‌లో అదే వరస రావాలంటే మోడ్ నాలుగుసార్లు నొక్కాలి. స్నేహితుడి 82 మీద నేర్చుకుని సొంత 991 మీద రెండుసార్లే నొక్కేవాళ్ళు ఎస్‌డీ, రిగ్రెషన్ అనే స్టాటిస్టిక్స్ మోడ్‌లలో చిక్కుకుంటారు. ఈఎస్‌లో షిఫ్ట్, మోడ్ నొక్కి 3 కొడితే డిగ్రీ, 4 కొడితే రేడియన్. 991ఈఎక్స్‌లో షిఫ్ట్, మెనూ, తర్వాత 2 (యాంగిల్ యూనిట్), ఆపైన 1 డిగ్రీ, 2 రేడియన్. సీడబ్ల్యూలో సెట్టింగ్స్ బటన్ నొక్కి కాల్క్ సెట్టింగ్స్‌లో యాంగిల్ యూనిట్ ఎంచుకోవాలి.

ఏం నొక్కారో తెలియక అంతా గందరగోళమైతే మొత్తం రీసెట్ చేసేయడం మేలు. ఎంఎస్‌లో షిఫ్ట్, మోడ్, 3, ఈక్వల్. ఈఎస్, ఈఎక్స్‌లలో షిఫ్ట్, 9, 3, ఈక్వల్, తర్వాత ఏసీ. డిగ్రీలకే తిరిగొస్తుంది. మెమరీలో దాచినవి మాత్రం పోతాయి.

డిగ్రీ ఎప్పుడు, రేడియన్ ఎప్పుడు?

కోణాన్ని పరికరంతో కొలిచి ఉంటే డిగ్రీ. కోణం పక్కన పై (π) ఉన్నా, ఫార్ములాలో కాలం, ఒమేగా ఉన్నా రేడియన్. కాలిక్యులేటర్‌తో చేసే లెక్కల్లో నూటికి తొంభై ఈ మాటతోనే తేలిపోతాయి.

ఒక స్థలం లెక్క చూడండి. మూడు మూలల స్థలానికి రెండు పక్కలు 120 అడుగులు, 95 అడుగులు. వాటి మధ్య కోణం 72 డిగ్రీలు. వైశాల్యం 0.5 × 120 × 95 × సైన్ 72. డిగ్రీల్లో 5421 చదరపు అడుగులు వస్తుంది. సెంటుకు 435.6 చదరపు అడుగులు, దాంతో భాగిస్తే 12.44. ఆంధ్ర వైపు సెంట్లన్నా, ఒడిశా కాగితాల్లో డెసిమల్ అన్నా రెండూ ఎకరంలో నూరో వంతే, కాబట్టి ఇక్కడ మళ్ళీ మార్పిడి అక్కర్లేదు. ఇదే లెక్క రేడియన్‌లో ఉండగా కొడితే 1447 చదరపు అడుగులు, అంటే 3.32 డెసిమల్. మిషన్ ఎర్రర్ చూపించదు, సంఖ్య కూడా చూడ్డానికి నమ్మేలాగే ఉంటుంది. తొమ్మిది డెసిమల్ భూమి కాగితం మీద మాయమైపోతుంది.

ఎలక్ట్రికల్ వాళ్ళకు ఇది తిరగబడుతుంది. 325 సైన్ 314టీ అనే వోల్టేజీకి టీ విలువ 0.002 సెకను అనుకోండి. సైన్ లోపల 0.628 రేడియన్లు. రేడియన్‌లో కొడితే 190.9 వోల్టులు. డిగ్రీల్లో కొడితే 3.56. మూడున్నర వోల్టులు చూసైనా అనుమానం రావాలి. పరీక్ష హడావుడిలో చాలామందికి రాదు.

ఒకే లెక్కలో 314టీ, 30 డిగ్రీలు రెండూ ఉన్నాయి. ఏం చేయాలి?

పుస్తకాలు సైన్ బ్రాకెట్‌లో 314టీ + 30° అని కలిపి రాసేస్తాయి. ముందుది రేడియన్, వెనకది డిగ్రీ. అలాగే కూడితే తప్పు. రేడియన్‌లో ఉండి 30ని పై ÷ 6 గా మార్చి కొట్టండి. ఇందాకటి వోల్టేజీ లెక్కలోనే అయితే 0.628 + 0.5236 = 1.1516, దాని సైన్ 0.9134, వోల్టేజీ 296.9.

మార్చే ఓపిక లేకపోతే ఆన్సర్ బటన్ మీద షిఫ్ట్‌తో వచ్చే డీఆర్‌జీ వాడండి. రేడియన్‌లో ఉండగా 30 కొట్టి, షిఫ్ట్, ఆన్సర్, 1 నొక్కితే ఆ 30 పక్కన డిగ్రీ గుర్తు పడి, అది ఒక్కటే డిగ్రీగా లెక్కకొస్తుంది. ఎంఎస్‌లోనూ ఈఎస్‌లోనూ ఇది ఉంది. ఈఎక్స్‌లో ఆప్షన్ బటన్ కింద యాంగిల్ యూనిట్‌లో దొరుకుతుంది. ఇంత పనికొచ్చే బటన్‌ను వాడేవాళ్ళు తక్కువ.

నేనూ పక్కవాడూ ఒకేలా కొట్టాం, జవాబులు వేరుగా వచ్చాయి. ఎందుకు?

ఒకరిది ఎంఎస్, ఇంకొకరిది ఈఎస్ అయి ఉంటుంది. ఈఎస్‌లో సైన్ నొక్కగానే బ్రాకెట్ దానంతటదే తెరుచుకుంటుంది. ఎంఎస్‌లో తెరుచుకోదు, సైన్ తన పక్కనున్న సంఖ్యను మాత్రమే పట్టుకుంటుంది.

సైన్, 30, ప్లస్, 15, ఈక్వల్ అని రెండింటి మీదా కొట్టి చూడండి. ఎంఎస్ సైన్ 30 తీసి 15 కలుపుతుంది: 15.5. ఈఎస్‌లో బ్రాకెట్ మూయలేదు కాబట్టి మొత్తం సైన్ 45 అవుతుంది: 0.7071. ఈక్వల్‌కు ముందు మిగిలిన బ్రాకెట్లు మూయకపోయినా మిషన్ ఊరుకుంటుంది. ఆ సౌకర్యమే కొంపముంచేది. సైన్ 30 కి 15 కలపాలనుకున్నవాడు ఈఎస్‌లో 30 తర్వాత బ్రాకెట్ మూసి తీరాలి. సైన్ 45 కావాలనుకున్నవాడు ఎంఎస్‌లో బ్రాకెట్ తెరిచి తీరాలి.

భాగహారంలో ఇంకా మోసం. ఘాట్ రోడ్డు వాలు 20కి 1 అన్నారు, కోణం ఎంత? ఎంఎస్‌లో టాన్ ఇన్వర్స్, 1, ÷, 20 అని కొడితే 2.25 వస్తుంది. టాన్ ఇన్వర్స్ 1 అంటే 45, దాన్ని 20తో భాగించిందన్నమాట. అసలు జవాబు 2.862 డిగ్రీలు, 1 ÷ 20 ని బ్రాకెట్‌లో పెడితేనే వస్తుంది. రెండు జవాబులూ దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి చూసి పట్టుకోలేరు. రేడియన్‌లో సైన్ π ÷ 2 కూడా ఇంతే. బ్రాకెట్ లేకుండా 0, బ్రాకెట్‌తో 1.

మా సలహా ఒకటే: మోడల్ ఏదైనా సైన్, కాస్, టాన్ తర్వాత బ్రాకెట్ తెరవండి, కోణం అవగానే మూయండి. రెండు బటన్లు ఎక్కువ పడతాయి, పడనివ్వండి.

సైన్ స్క్వేర్ 30 ఎలా కొట్టాలి?

మొత్తం సైన్ 30 ని బ్రాకెట్‌లో పెట్టి, ఆ బ్రాకెట్ మీద స్క్వేర్ కొట్టాలి. జవాబు 0.25.

ఎంఎస్‌లో సైన్ 30 కొట్టి వెంటనే స్క్వేర్ నొక్కితే 0 వస్తుంది. స్క్వేర్ బటన్‌కు సైన్ కన్నా ముందు వరస ఉంటుంది. 30 స్క్వేర్ 900 అవుతుంది, 900లోంచి రెండు చుట్లు 720 తీసేస్తే 180, సైన్ 180 సున్నా. సైన్ తర్వాత 30ని ఒక్కదాన్నే బ్రాకెట్‌లో పెట్టి స్క్వేర్ కొట్టినా ఎంఎస్‌లో అదే సున్నా. ఈఎస్‌లో మాత్రం బ్రాకెట్ మూశాక స్క్వేర్ కొడితే 0.25 వస్తుంది, ఎందుకంటే అక్కడ బ్రాకెట్ సైన్‌కు చెందింది. మూయకముందే కొడితే అక్కడా సున్నాయే. ఈఎస్ మీద అలవాటైన చేయి పరీక్ష రోజున అరువు తెచ్చుకున్న ఎంఎస్ మీద పడితే ఇక్కడే దెబ్బతింటుంది.

కొసెక్, సెక్, కాట్ బటన్లు ఎక్కడ?

లేవు. సైన్ మీద షిఫ్ట్‌తో వచ్చే సైన్ ఇన్వర్స్ కొసెక్ కాదు. అది విలువ ఇస్తే కోణం చెప్పేది. కొసెక్ 30 కావాలంటే 1 ÷ సైన్ 30 కొట్టండి, 2 వస్తుంది. సెక్‌కు 1 ÷ కాస్.

ఎక్స్ మీద −1 ఉన్న తలకిందుల బటన్ వాడాలనుకుంటే సైన్ 30 మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టాకే. లేకుంటే ఎంఎస్ ముందు 30ని తలకిందులు చేసి సైన్ 0.0333 తీస్తుంది, 5.8178 × 10⁻⁴ లాంటి అర్థం కాని సంఖ్య చూపిస్తుంది. కాట్ 1 ÷ టాన్‌తో వస్తుంది గానీ కాట్ 90 దగ్గర ఆగిపోతుంది, టాన్ 90 లేదు కాబట్టి. అక్కడ కాస్ 90 ÷ సైన్ 90 కొట్టండి, సరైన జవాబు 0 వస్తుంది.

సగం సైన్ 30 అంటే 0.25 కదా, నాకు 1 వచ్చింది?

1 ÷ 2 కొట్టి, గుణకారం గుర్తు పెట్టకుండా సైన్ 30 కొట్టి ఉంటారు. గుర్తు లేని గుణకారాన్ని ఈ మిషన్లు భాగహారం కన్నా ముందు చేస్తాయి. 2 సైన్ 30 అంటే 1, 1 ÷ 1 మళ్ళీ 1. ఈఎక్స్, సీడబ్ల్యూ అయితే 2 సైన్ 30 చుట్టూ తామే బ్రాకెట్ వేసి చూపిస్తాయి, తెర చూస్తే తెలిసిపోతుంది. ఎంఎస్, ఈఎస్ చెప్పవు. × గుర్తు పెట్టండి, లేదా 0.5 కొట్టండి.

పక్కలు మూడూ తెలుసు, కోణం కావాలి. కాస్ ఇన్వర్స్ కొడితే ఎర్రర్ వస్తోంది.

టేపు ఒక్కటే ఉన్నచోట ఇది రోజూ పడే పని. పక్కలు 120, 95, ఎదురు పక్క 128 అనుకుందాం. కాస్ ఇన్వర్స్ లోపల పై భాగం 120² + 95² − 128², అంటే 7041. కింద 2 × 120 × 95, అంటే 22800. భాగిస్తే 0.3088, కోణం 72.01 డిగ్రీలు.

తప్పు ఎప్పుడూ కింది భాగం దగ్గరే. ÷ 2 × 120 × 95 అని బ్రాకెట్ లేకుండా కొడితే మిషన్ 2తో భాగించి మిగతా రెంటితో గుణిస్తుంది. నాలుగు కోట్లు దాటిన సంఖ్య తయారవుతుంది. కాస్ ఇన్వర్స్‌కు −1 నుంచి 1 దాకానే పడుతుంది, అందుకే ఎర్రర్. పై భాగానికి ఒక బ్రాకెట్, కింది భాగానికి ఒకటి, ఎంఎస్ అయితే మొత్తానికి ఇంకొకటి. అంత పొడుగు లైను నచ్చకపోతే ముందు 0.3088 తీసి ఈక్వల్ నొక్కి, తర్వాత షిఫ్ట్, కాస్, ఆన్సర్ కొట్టండి. మేమైతే ఈ రెండో పద్ధతికే ఓటేస్తాం. మధ్య విలువ కంటికి కనబడుతుంది.

డిగ్రీలు, నిమిషాలు ఎలా ఎక్కించాలి?

డిగ్రీ, నిమిషం, సెకను గుర్తులు మూడూ కలిసున్న బటన్ ఒకటుంది. 28 కొట్టి ఆ బటన్, 30 కొట్టి మళ్ళీ ఆ బటన్. సెకన్లుంటే అవి కొట్టి మూడోసారి. ఎంఎస్ తెర మీద మూడు చోట్లా డిగ్రీ గుర్తే కనబడుతుంది, కంగారు పడకండి. సీడబ్ల్యూలో ఈ గుర్తులు కేటలాగ్‌లో వెతుక్కోవాలి.

28 డిగ్రీల 30 నిమిషాలను 28.30 అని కొట్టడం అన్నిటికన్నా మామూలు తప్పు. 30 నిమిషాలంటే అర డిగ్రీ, కాబట్టి 28.5. థియోడలైట్ (కోణాలు కొలిచే సర్వే పరికరం) గోడకు 40 మీటర్ల దూరంలో ఉంది, పరికరం ఎత్తు 1.45 మీటర్లు, ఎత్తుకోణం 28°30′ అనుకుంటే ఎత్తు 40 × టాన్ 28.5 + 1.45 = 23.17 మీటర్లు. 28.30 కొడితే 22.99. పద్దెనిమిది సెంటీమీటర్ల తేడా, అదీ పరికరం తప్పు కాదు.

వచ్చిన జవాబును నిమిషాల్లోకి తిప్పాలంటే ఈఎస్‌లో ఈక్వల్ తర్వాత అదే బటన్, ఎంఎస్‌లో షిఫ్ట్‌తో కలిపి. ఘాట్ రోడ్డు లెక్కలో వచ్చిన 2.862 ఇలా 2°51′44.66″ అవుతుంది.

బేరింగ్ (ఉత్తరం నుంచి రేఖ దిక్కు కోణం) తీస్తే తప్పు దిక్కు చూపిస్తోంది.

టాన్ ఇన్వర్స్‌కు రెండు మైనస్‌లు భాగహారంలో కొట్టుకుపోయిన సంగతి తెలియదు. ఉత్తరానికి −50, తూర్పుకు −86.6 ఉంటే 86.6 ÷ 50 కీ దీనికీ ఒకటే 60 డిగ్రీలు చెబుతుంది. నిజానికి రేఖ నైరుతిలో ఉంది, పూర్తి వృత్త బేరింగ్ 240.

రెండు దూరాలిస్తే నేరు దూరం, కోణం చెప్పే పోలార్ (Pol) బటన్ వాడితే ఈ బెడద ఉండదు. ఈఎస్‌లో షిఫ్ట్, ప్లస్ నొక్కి, −50, కామా (షిఫ్ట్‌తో మూసే బ్రాకెట్), −86.6, బ్రాకెట్, ఈక్వల్. దూరం 100, కోణం −120 వస్తాయి. మైనస్ వస్తే 360 కలపండి: 240. ముందు ఉత్తరం, తర్వాత తూర్పు. తారుమారైతే కోణమూ తారుమారే. ఎంఎస్‌లో పోలార్‌కూ కామాకూ విడిగా బటన్లున్నాయి. దూరం మాత్రమే వెంటనే కనబడుతుంది. కోణం కోసం ఆర్‌సీఎల్ నొక్కి టాన్ బటన్ (మెమరీ ఎఫ్) నొక్కాలి. ఆర్‌సీఎల్, కాస్ నొక్కితే దూరం మళ్ళీ వస్తుంది.

సైన్ ఇన్వర్స్‌తోనూ ఇలాంటి పేచీ ఉంది. అది −90 నుంచి 90 లోపలి కోణమే ఇస్తుంది. త్రిభుజంలో కోణం 90 దాటినట్టు బొమ్మలో కనబడుతుంటే వచ్చినదాన్ని 180లోంచి తీసేయండి. కాస్ ఇన్వర్స్ 0 నుంచి 180 దాకా ఇస్తుంది కాబట్టి త్రిభుజాలకు అదే నమ్మకమైనది.

మ్యాథ్ ఎర్రర్, సింటాక్స్ ఎర్రర్ అంటే?

మొదటిది లెక్కే కుదరదని: టాన్ 90, సైన్ ఇన్వర్స్ 2, సున్నాతో భాగహారం. రెండోది రాతలో లోపం: బ్రాకెట్ ఎక్కువైంది, రెండు గుర్తులు పక్కపక్కన పడ్డాయి. ఎడమ లేదా కుడి బాణం నొక్కితే తప్పున్న చోటే కర్సర్ నిలబడుతుంది. మొత్తం చెరిపి మళ్ళీ కొట్టనక్కర్లేదు.

ఎర్రర్ లేదు, కానీ జవాబు వింతగా ఉంది.

ఈఎస్‌లో సైన్ 60కి రూట్ 3 బై 2 అని వస్తే అది సరైన జవాబే. ఎస్, డి అక్షరాల మధ్య బాణం ఉన్న బటన్ నొక్కితే 0.8660 అవుతుంది. సైన్ 30 కి 1 వస్తే ఫిక్స్ 0లో (దశాంశ స్థానాలు సున్నా అన్న సెట్టింగ్‌లో) ఉంది, అరను పైకి సవరించి చూపిస్తోంది. మోడ్ వరసలో నార్మ్‌కు (మామూలు సెట్టింగ్‌కు) మార్చండి. 5.343 × 10¹² వస్తే సైన్‌కు ముందు హైప్ (హైపర్బోలిక్) బటన్ పడింది. రేడియన్‌లో సైన్ 22 ÷ 7 (బ్రాకెట్‌లోనే) సున్నా కాకుండా −0.00126 వస్తే మిషన్‌ది తప్పు కాదు, 22/7 పై కన్నా కాస్త పెద్దది. పై బటన్ వాడండి.

కొన్ని కాలిక్యులేటర్లలో ముందు 30, తర్వాత సైన్ నొక్కాలంటున్నారు. నిజమేనా?

నిజమే. ఒకే వరస అంకెలు చూపించే చవక రకాలు చాలావరకు అలాగే పనిచేస్తాయి, ఈక్వల్ కూడా అక్కర్లేదు. విండోస్ కంప్యూటర్లోని కాలిక్యులేటర్ సైంటిఫిక్ రూపంలోనూ అంతే. గేట్ పరీక్షలో మీ మిషన్ లోపలికి రానివ్వరు, తెర మీది వర్చువల్ కాలిక్యులేటరే. అది డిగ్రీల్లో మొదలవుతుంది, అంకె ముందు, సైన్ తర్వాత. కాసియో చేతివాటంతో సైన్ ముందు నొక్కితే అప్పటికి తెర మీదున్న సంఖ్యకు సైన్ తీసేస్తుంది. దాని మీద కనీసం కొన్ని పాత పేపర్లు చేసి వెళ్ళండి. జేఈఈ మెయిన్‌లో అసలు ఏ కాలిక్యులేటరూ లేదు.

ఎక్సెల్‌లో, గూగుల్‌లో సైన్ 30 తప్పుగా వస్తోంది.

రెండూ రేడియన్లే అనుకుంటాయి. ఎక్సెల్‌లో సైన్ ఫంక్షన్ లోపల రేడియన్స్ ఫంక్షన్ పెట్టి, దాని లోపల 30 రాయండి. టాన్ ఇన్వర్స్ జవాబు కూడా రేడియన్లలోనే వస్తుంది, దాన్ని డిగ్రీస్ ఫంక్షన్‌లో చుట్టాలి. గూగుల్‌లో 30 పక్కన డిగ్రీస్ అని ఇంగ్లీషులో టైప్ చేస్తే 0.5 వస్తుంది. ఫోన్ యాప్‌లలో ఫోన్ అడ్డంగా తిప్పితే సైన్, కాస్ బటన్లు బయటపడతాయి. వాటి పక్కనే ఉండే డిగ్రీ, రేడియన్ బటన్ మీద చాలావాటిలో ఇప్పుడున్న కొలత కాకుండా నొక్కితే మారబోయే కొలత పేరు ఉంటుంది. అందుకే అక్కడ కూడా ముందు సైన్ 30 కొట్టి చూడండి.